లోపలి గడియ

ఆ తలుపు నేను చేసిందే.
పంతొమ్మిదేండ్లయింది.
చిత్తూరులో, నీవా ఏటి పక్క చర్చిలో
క్వయరు మాస్టరు గదికి.
మద్ది చెక్క. సందులో
సిగరెట్టు కాగితం కూడా దూరదు.
ఆ పొద్దు సంఘపెద్ద దేవసహాయం గారితో
నేనే గొప్పగా చెప్పినా:
"అయ్యా, ఇది మూస్తే
లోపలి మాట బయటికి రాదు."
ఆయన మెచ్చుకుని
యాభై రూపాయలు ఎక్కువిచ్చినాడు.

మొన్న జెమీమా టీచరు మా కొట్టానికొచ్చింది.
ఆదివారం బడి ఆమెది.
"ఆచారీ, ఆ తలుపుకి అద్దం పెట్టాల,
లోపలి గడియ పీకేయాల" అనింది.
ఎందుకని అడగలేదు.
ఒక పాప నోరు తెరిచింది,
వాళ్ళమ్మ స్టేషనుకు పోయింది,
మాస్టరు మీద కేసు నడస్తా ఉంది.
పాప పేరు చెప్పను.
నాకు తెలీదు. తెలుసుకోను.
పేరేందని అడిగినోళ్ళు శానామంది,
అన్నం తినిందా అని అడిగినోళ్ళు తక్కువ.

రంపం పట్టుకుని పోతే
వరండాలో పెద్దలు ముగ్గురు.
చర్చి అందం చెడతాది, అన్నాడు ఒకాయన.
క్షమించేసినాక ఇంగ ఇవన్నీ ఎందుకు, అన్నాడు ఇంకొకాయన.
"క్షమించింది ఎవరన్నా? మీరా, పాపా?"
టీచరు అడిగితే ఆయన గడియారం చూసుకున్నాడు.
మూడో ఆయన నా చెవిలో:
"పెడితే పెట్టు గానీ, మసక అద్దం పెట్టు."
అదీ విన్నాది ఆమె.
"మసక ఇన్నాళ్ళూ ఉన్నదే గదా" అనింది.

నా కండ్ల ఎత్తున పెన్సిలు గీత గీసినా.
ఆమె తల అడ్డంగా ఊపింది.
"బయటి నుంచి మనం చూసేది సరే,
లోపలి నుంచి బిడ్డ చూడొద్దా?"
రెండో తరగతి పిల్లోణ్ణి ఒకణ్ణి పిలిచి
తలుపుకి ఆనించి నిలబెట్టింది.
కండ్ల కాడికి మూడడుగుల నాలుగంగుళాలు.
ఆడనే మొదలుపెట్టినా కోత.

గడియ కాడికి వచ్చేతలికి
చెయ్యి ఆడలేదు.

తబితమ్మ అని ఒకామె, చర్చి ఊడుస్తాది.
పుట్టు మూగ, చెవులూ వినపడవు.
ఆమె పింఛను పుస్తకం ఇన్నేండ్లూ
కోశాధికారి బీరువాలోనే ఉండె,
భద్రంగా ఉంటాదని.
ఏడాదికొకసారి నేను మరమ్మతుకు పోతే
చొక్కా పట్టుకుని లాక్కొచ్చేది ఈ తలుపు కాడికి.
పిడికిలి బిగించి పక్కకి జరిపేది.
జరిపేది, మళ్ళీ జరిపేది.
అరచెయ్యి తన నడుము ఎత్తున పట్టేది,
ఇంత, ఇంత.
రొమ్ము బాదుకునేది.
పిచ్చిదన్నారు. ఆత్మ పూనిందన్నారు.
నేనేమనుకున్నా?
గడియ బిగుసుకున్నాదేమో అనుకున్నా.
నూనె పోసినా.
చిటికెన వేలితో తోస్తే జారేట్టు,
చప్పుడు కూడా లేకుండా,
చేసిచ్చినా.
వాళ్ళ దేవుడూ వడ్రంగేనంట.
ఆయనకైతే ఆ సైగ తెలిసుండును.

ఇప్పుడు తిరుపతి నుంచి
సైగలు చదివే అమ్మాయి ఒకతి వచ్చి
రెండు దినాలు ఆమె ఎదురుగా కూర్చుంటే
పోలీసోళ్ళు తొమ్మిది పేజీలు రాసుకున్నారు.

నాలుగు మరలు విప్పినా.
గడియ కింద చెక్క మాత్రం
చేసిన నాటి రంగులోనే ఉండె.
బెజ్జాలకి లప్పం పెట్టమన్నాడు మూడో ఆయన.
నాకూ చెవులు వినపడనట్టే ఉన్నా.

అద్దం బిగిస్తా ఉంటే తబితమ్మ వచ్చింది.
గడియను అరచేతిలో పెట్టి చూపించినా.
అటూ ఇటూ తిప్పి చూసి,
చెత్తచేటలో వేసుకుని
మిగతా వరండా ఊడ్చుకుంటా పోయింది.

కూలి ఎనిమిది వందలు.
తీసుకున్నా, పని చేసినా గదా.
ఆ పొద్దటి యాభై రూపాయలే
ఎవరికి తిరిగియ్యాలో
ఇప్పటికీ తెలీడంలే.